థియోగీటోన్ గారి ధైర్య గ్రంథం

నూట పదిహేనవ ఒలింపిక్ క్రీడలు ముగిసిన కొద్ది వారాలకు, బోయిద్రోమియోన్ మాసం ఆరవ నాటి ఉదయం, మాన్యులు థియోగీటోన్ గారు ఏథెన్సు నగరంలో, ఇలిస్సోస్ ఏటి ఒడ్డున ఉన్న మన విద్యాపీఠంలో అధ్యాపకులుగా చేరారు. ముప్పై ఆరు సంవత్సరాల సేవానంతరం నేడు విశ్రాంతిని స్వీకరిస్తున్న ఆ మహనీయుని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం, ఆయన తరువాత నాలుగేళ్లకు లేఖకుడిగా చేరిన లికిస్కోస్ అనే నాకు దక్కింది. అయితే ఆయన ఒక షరతు పెట్టారు.

"ఆ అగ్గి సంగతి రాయి. అది రాయకుండా నన్ను పొగిడావో, వీడ్కోలు విందుకు రాను. నా చోట ఏ మేకపోతునో కూర్చోబెట్టి దండ వేసుకోండి."

అన్న మాట మీద నిలబడే మనిషి కనుక రాయక తప్పదు.

తొలి ఆరేళ్లు ఆయన పిన్నలకు రేఖాగణితం చెప్పారు. అటుపిమ్మట ఆత్మ తత్త్వాన్ని, సద్గుణ స్వరూపాన్ని బోధించే బాధ్యత ఆయనకు సంక్రమించింది. ఆత్మను గురించి చెప్పేటప్పుడు ఆయన సగం మెలకువలో, సగం కలలో ఉండేవారు. చెట్ల నీడన నడుస్తూ నడుస్తూ, ఏటి చప్పుడు చెవిన పడగానే వాక్యం మధ్యలో ఆగిపోయేవారు. వెనక వస్తున్న శిష్యులు ఒకరి మీద ఒకరు పడేవారు. ఆ వాక్యం ఒక్కోసారి మర్నాడు పూర్తయ్యేది. సద్గుణమంటే జ్ఞానమేననీ, మంచిని నిజంగా ఎరిగినవాడు చెడు చేయలేడనీ ఆయన సిద్ధాంతం. దానిని స్థాపిస్తూ పన్నెండేళ్లు శ్రమించి ధైర్యాన్ని గురించి ఒక మహాగ్రంథం రచించారు.

పదకొండేళ్ల కిందట, ఒక చలికాలపు ఉదయం, జ్వరంతో వణుకుతున్న నన్ను ఆయనే చెయ్యి పట్టి నడిపించుకెళ్లి గ్రంథశాలలో పడుకోబెట్టి, దూరంగా ఒక కుంపటి పెట్టించారు. మధ్యాహ్నం ముంగిట్లో చర్చ రసవత్తరంగా సాగుతుండగా గ్రంథశాల నుండి పొగ వచ్చింది.

"గురువుగారూ, పొగ! వెళ్దామా?" అన్నాడు ఒక శిష్యుడు.

"ఆగరా. ఏముందో తెలీకుండా దూకితే ధైర్యమా, మొండితనమా?"

"మొండితనమే."

"మరి తెలిసినవాడు దూకుతాడా?"

"ఏమో... ముందు ఏం తెలిసినవాడో తేల్చాలి కదండీ."

ఇంతలో వంటింట్లోంచి మన విద్యాపీఠంలో వంట చూసే సిమైతా గారు పిండి చేతులతో పరుగున వచ్చారు. "లోపల మనిషున్నాడయ్యా! మీ ప్రశ్నలు తగలెయ్య!" అంటూ తడి కంబళి కప్పుకుని మంటలోకి వెళ్లి, కాళ్లు పట్టి నన్ను ఈడ్చుకొచ్చారు. ధైర్య గ్రంథం కాలిపోయింది. థియోగీటోన్ గారు దాని వైపు చూడనైనా లేదు.

"పొద్దున నేనే పడుకోబెట్టాను కదరా నిన్ను... ఎట్లా మర్చిపోయాను?" అని నా తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చారు.

ఆ గ్రంథాన్ని ఆయన మళ్లీ రాయలేదు. నాటి నుండి ఆయన వద్ద చేరే ప్రతి శిష్యుడూ తొలి నెల సిమైతా గారి దగ్గర నీళ్లు మోసి, జబ్బుపడిన వారికి గంజి పట్టాలి. మంచి పని చేసి చేసి మనిషి మంచివాడవుతాడని ఆయన తరువాతి బోధ. పాత సిద్ధాంతాన్ని ఎవరైనా పొగిడితే ఆయన తల దించుకునేవారు.

ఇంతవరకు వారు కోరినట్టే రాశాను. వారు కోరనిది కూడా ఒకటి రాస్తాను. చలికి ఆగలేక ఆ కుంపటిని గ్రంథపు చుట్టల పక్కకు జరుపుకున్నది నేనే. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మర్నాడు బూడిదలో ఆ కుంపటి ఎక్కడ దొరికిందో ఆయన చూశారు. కడిగి, తుడిచి, నా గది ముందు పెట్టి వెళ్లారు. పదకొండేళ్లలో ఒక్కసారైనా ఆ మాట ఎత్తలేదు.

థియోగీటోన్ గారూ, ఆండ్రోస్ ద్వీపంలో మీ చెల్లెలి ఇంట, తేనెపట్ల నడుమ, మీరు ఆరోగ్యంతో, నిశ్చింతతో చిరకాలం జీవించాలి. మీ పన్నెండేళ్ల శ్రమను కాల్చిన చేతితోనే ఈ పత్రం రాశాను. నన్ను క్షమించి, విందుకు దయచేయండి.