వెనక కుర్చీ పలకలేదు

పెద్దలకు, మిత్రులకు, ముందు వరసలో కూర్చున్న మన మిత్రుడి అక్కగారికి నమస్కారం.

ఈ గ్రంథాలయం పైగదిలో ఇంతమందిని నేనెప్పుడూ చూడలేదు. ప్రతి ఆదివారం పొద్దున మేం ఏడుగురమే ఉండేవాళ్ళం. ఇవాళ మెట్ల దాకా జనం నిలబడ్డారు. ఉండవలసిన మనిషి ఒక్కరే లేరు. నేను బస్సు డ్రైవరుని. ముప్పై ఏళ్ళుగా నోరు మూసుకుని రోడ్డు చూడడమే నా పని. మాట తడబడితే మన్నించండి.

మా సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మాకు పాత యుద్ధవిమానాల పిచ్చి. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు వేసిన పెద్ద విమానాలు ఎక్కడెక్కడికి వెళ్ళాయి, ఎన్ని తిరిగొచ్చాయి అని గంటలకొద్దీ వాదించుకుంటాం. ఇంట్లోవాళ్ళు నవ్వేవారు. నవ్వరూ మరి? మాలో ఒక్కరూ విమానం ఎక్కిన పాపాన పోలేదు.

అలాంటి ఒక విమానంలో ఏడుగురు ఉండేవారు. అందుకని మేమూ ఏడు కుర్చీలు అదే వరసలో వేసుకున్నాం. నేను పైలట్‌ని. పోస్ట్‌మాన్ గారు దారి చూసేవారు. పళ్ళ డాక్టరు గారు బాంబులు వేసేవారు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మన మిత్రుడు అందరికన్నా వెనక, మాకు వీపు పెట్టి, ఆ కిటికీ వైపు కూర్చునేవారు. ఆయనది తోకలో తుపాకీ. తోకాయన అని పిలిచేవాళ్ళం. ఆ సీటే ఎందుకండీ అంటే, "ఎవరో ఒకరు వెనక చూడాలి కదా" అనేవారు.

తోకలో కూర్చునేవాడి బతుకు ఎలాంటిదో తెలుసా? ఎనిమిదేసి గంటల ప్రయాణం. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి. తోటివాళ్ళ మొహం ఒక్కటీ కనపడదు. చెవిలో వినపడే గొంతే తోడు. పైలట్ కాసేపటికొకసారి ఒక్కొక్కరినీ పిలుస్తాడు, ఒక్కొక్కరూ పలుకుతారు. తోక పలకకపోతే? ఎవరో ఒకరు ఆ ఇరుకులో పాక్కుంటూ వెనక్కి వెళ్ళి చూసి రావాలి. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి.

మేమూ ప్రతి ఆదివారం అలాగే మొదలుపెట్టేవాళ్ళం. నేను పిలిచేవాణ్ణి. అందరూ పలికాక చివర ఆయన, తల తిప్పకుండా, "ఉన్నానండీ. వెనక అంతా ఖాళీ" అనేవారు.

గదిలోకి రాగానే ఆయన అందరి కళ్ళజోళ్ళూ అడిగి తీసుకునేవారు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి ఒక్కొక్కటే తుడిచిచ్చేవారు. తోకవాడికి అద్దం మీద చిన్న మరక ఉన్నా శత్రువిమానంలా కనపడేదట. కొందరు చలికి ఓర్చుకుని ఎదురుగా ఉన్న అద్దమే తీయించేసుకున్నారట. ఆ కబురు చెబుతూ నా జోడు వెలుతురుకు ఎత్తి చూసి, "దీంతో బస్సు నడుపుతున్నారా? జనం అదృష్టవంతులు" అన్నారు.

ఒకరోజు ఒక ఊరి మీద జరిగిన దాడి గురించి వాదన వచ్చింది. గురి ఎంత బాగా కుదిరిందో పళ్ళ డాక్టరు గారు బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపిస్తున్నారు. ఏమనుకోకండి డాక్టరు గారూ, తప్పు మీ ఒక్కరిదే కాదు, అందరం ఎగబడి చూస్తున్నాం. వెనక నుంచి తోకాయన గొంతు వినపడింది. "వేసేవాడు ముందుంటాడు. మండేది తోకవాడికి కనపడుతుంది. చాలాసేపు కనపడుతుంది." అంతే అన్నారు. డాక్టరు గారు ఆ గీతలు చేత్తో చెరిపేశారు. ఆ తర్వాత ఏ దాడి గురించి మాట్లాడినా, కింద ఎవరున్నారో ముందు చెప్పుకునేవాళ్ళం.

ఇంకొకటి నా సొంత సంగతి. నా భార్య పోయాక మళ్ళీ డ్యూటీకి వెళ్ళిన మొదటి రోజు, ఆయన నా బస్సెక్కారు. "మీరు ముందు చూడండి, వెనక నేను చూస్తాను" అని వెళ్ళి చివరి సీట్లో కూర్చున్నారు. ఆఖరి స్టాపులో దిగలేదు. తిరుగు టికెట్ తీసుకున్నారు. మూడు వారాలు రోజూ అలాగే వచ్చారు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. పైనున్న అద్దంలోకి చూస్తే, ఉండేవారు. నేను బతికి బట్టకట్టింది ఆ చివరి సీటు వల్లే.

మరి ఆయన వెనక ఎవరు చూశారు?

ఏ విమానానికి ఎన్ని ఇంజన్లో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. పద్నాలుగేళ్ళ స్నేహంలో ఆయన ఇల్లు ఏ వీధిలో ఉందో ఒక్కరమూ అడగలేదు.

ఈమధ్య ఒక ఆదివారం ఆయన రాలేదు. నేను పిలిచాను. వెనక కుర్చీ పలకలేదు. అప్పుడు నేనేం చేశానో సిగ్గుపడుతూనే చెబుతున్నాను. గొంతు మార్చి, ఆయనలాగే, "ఉన్నానండీ. వెనక అంతా ఖాళీ" అన్నాను. అందరూ నవ్వారు. రెండో ఆదివారమూ నేనే పలికాను. కొంచెం నవ్వారు. మూడో ఆదివారమూ నేనే పలికాను. ఎవరూ నవ్వలేదు, అప్పటికి అలవాటైపోయింది.

అక్కగారూ, ఆ రోజే మీరు మెట్లెక్కి వచ్చి, "విమానాలవాళ్ళు మీరేనా" అని అడిగారు. నేను "ఉన్నానండీ" అనేసరికే ఆయన పోయి రెండు రోజులైంది. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. స్నేహితులకి కబురు పంపనా అని మీరు అడిగితే, "వద్దక్కా. ఆదివారం నన్ను పిలుస్తారు. నేను పలకను కదా, వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు" అన్నారట. తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూసేవారట. ఎన్నడూ తల తిప్పని మనిషి.

ఆ ఆసుపత్రి నా బస్సు దారిలోనే ఉంది. రోజుకు నాలుగుసార్లు దాని ముందు బస్సాపాను.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. చేయగలిగింది ఒక్కటే ఉంది. దయచేసి అందరూ లేవండి. ఆ కిటికీ వైపు తిరిగి నిలబడండి. చివరిసారి పిలుస్తాను. మావాళ్ళు ఐదుగురూ వరసగా పలుకుతారు. తర్వాత తోకను పిలుస్తాను. ఎవరూ పలకవద్దు. నవ్వుకైనా, ఏడుపుకైనా, ఎవరూ పలకవద్దు. ఆ కుర్చీ పలకకపోవడం ఈసారైనా మనం నిలబడి విందాం.