పెద్దింటాయన గుణానికి తగిన కుక్క

వీరభద్రప్పకి తన గుణానికి సరిగ్గా సరిపోయే జంతువొకటి ఇంట్లో ఉండాలని పుట్టిందంట. పుట్టేదానికేముంది, కడుపు నిండినోడికి ఏమన్నా పుడతాది. ఊర్లో సగం చేండ్లు ఆయనవే, పెద్దింటాయన అనేవాళ్ళు. మా నాయన ఆ ఇంట్లో పదేండ్లు పేడ ఎత్తినాడు, నేను ఆరేండ్లు ఎత్తినా. అందుకే ఈ కత చెప్పేటప్పుడు నా గొంతు లేస్తాది, ఏమీ అనుకోవద్దండి. సరే, ఆయన పక్కన ఓబులేసని ఒకడుండేవాడు. ఆయన తుమ్మితే వీడు ముక్కు తుడుచుకునే రకం అనుకో. వాణ్ణి పిలిచి, "ఒరేయ్, నా గుణానికి ఏ జంతువు తగుతాదో చెప్పరా" అన్నాడంట. వాడేమన్నాడంటే, "సామీ, మీ మాట ఊరంతా ఇంటాది. మాటలు నేర్చే చిలక తెచ్చుకోండి" అన్నాడు. తెచ్చి వసారాలో పంజరం ఏలాడదీసినారు. చిలక ఏం నేర్చుకుంటాది చెప్పండి? పొద్దున లేస్తే ఆయన నోట్లోంచి వచ్చేదే నేర్చుకుంటాది. మూడు నెల్లకి కొడుకు సంబంధం మాట్లాడేదానికి పక్కూరి పెద్దమనుషులొచ్చి వసారాలో కూర్చున్నారంట. మజ్జిగ గ్లాసులు చేతికిచ్చినారో లేదో, చిలక నోరు తెరిచి, "నీ పీనుగెత్త, లెయ్యరా గాడిద కొడకా, పనికి పో" అనింది. అచ్చం ఆయన గొంతే! వాళ్ళు గ్లాసులు కింద పెట్టి ఎట్ల వచ్చినోళ్ళు అట్లే పోయినారు. నవ్వండి, నవ్వండి. చిలకని మాత్రం ఆయన ఆ పొద్దే మెడ తిప్పేసినాడు. దాని తప్పేముంది? ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే కదా.

తర్వాత పిల్లి తెచ్చినారు. రాజు మాదిరి కూర్చుంటాది సామీ అన్నాడు ఓబులేసు. కూర్చుండేది నిజమే, పిలిస్తే మాత్రం రాలా. "నేను పిలిస్తే రాని ప్రాణి ఈ ఊర్లో ఉండాదా!" అని గోడ మీంచి ఇసిరికొట్టినాడు. అది యాడ పోయిందో మళ్ళీ కనబడలా. బతికిపోయింది.

అప్పుడు ఏమైందంటే, గొర్రెలు మేపే మారెక్క కుక్క తోడేలుని పడేసిందని ఊరంతా చెప్పుకున్నారు. మారెక్క మొగుడు చచ్చిపోయి నాలుగేండ్లు. ఆమెకుండేది ముప్పై గొర్రెలు, ఒక కుక్క, అంతే. కుక్క పేరు కర్రెన్న, నల్లగా ఉంటాది కాబట్టి. మా గొర్రెలోళ్ళ పద్ధతొకటి చెప్తా ఇనండి, ఇది తెలీకపోతే కత తెలీదు. మందకి కుక్కని పెంచాలంటే, అది కండ్లు తెరవకముందే అప్పుడే ఈనిన గొర్రె దగ్గర పెట్టి ఆ పొదుగే పట్టిస్తారు. గొర్రెపాలు తాగి, గొర్రెపిల్లల నడుమ పండుకొని పెరుగుతాది. దానికి తల్లంటే గొర్రె, అన్నదమ్ములంటే గొర్రెలు. దాన్ని కట్టెయ్యరు, కొట్టరు. కరవమని నేర్పరు. మంద మీదికి ఏదన్నా వస్తే అదే చూసుకుంటాది.

ఈ సంగతి ఆ ఓబులేసుకేం తెలుసు! "సామీ, తోడేల్ని చంపిందంటే ఎంత రోషమో చూడండి, అచ్చం మీ గుణం" అన్నాడు. ఆయన మీసం దువ్వుకొని ఇద్దరు మనుషుల్ని పంపించి, మందలోంచి కుక్కని గొలుసేసి లాక్కొచ్చినాడు. లాక్కొచ్చినాడు అంటే లాక్కొచ్చినాడనే. అడగలా. మారెక్క ఎంటబడి వచ్చింది. "సామీ, అది లేకుంటే నా మంద మిగల్దు. గుట్టలో ఇంకో తోడేలుండాది" అనింది. "ఏం మే, అంత రోషమున్న కుక్క నీ గుడిసె ముందర ఉంటే ఏం బాగుంటాది? నా ఇంటి ముందరుండాల" అన్నాడు. "దానికి రోషం లేదు సామీ. దానికి గొర్రెలుండాయి, అంతే" అనింది మారెక్క. ఆ మాట ఆయన చెవికెక్కలా. ఎట్ల ఎక్కుతాది?

కుక్క ఆ ఇంట్లో సంగటి ముట్టలా. ఆలస్యంగా వచ్చే కూలోళ్ళ మీదికి దాన్ని ఉసిగొల్పుతా ఉంటే, పోయి వాళ్ళ కాళ్ళ దగ్గర పండుకొనిందంట. ఈయన కట్టెతో కొట్టేవాడు. ఆ పక్క మారెక్క మందలో పదిరోజుల్లో నాలుగు గొర్రెపిల్లలు తోడేలు పాలైనాయి. ఆ యమ్మ చినిగిపోయిన గొర్రెపిల్లని చీరలో సుట్టుకొని వచ్చి గడప ముందర పెడితే, "నా గడప మైల చేస్తావా" అని తిట్టి పంపించినాడు. ఇది నా కండ్లతో చూసినా. అప్పుడు నేనేమీ అనలా. అనుండాల్సింది.

ఆ వారమే ఊర్లో దేవర, అదే అమ్మవారి జాతర, వచ్చింది. మొదటి పొట్టేలుని పెద్దింటి ముంగిట్లో పెద్దింటాయనే కత్తి పట్టి కొట్టాల, అది ఆచారం. ఏ మందలోంచి? ఇంకెవరిది, మారెక్కదే. ఆమే తాడు పట్టుకొని తోలుకొచ్చింది. పొట్టేలుని చూస్తానే కర్రెన్న అరుస్తా గొలుసు తెంపేంతగా ఎగిరింది. ఓబులేసు, "సామీ, అమ్మవారి ముందర కుక్క అరవకూడదు, ఇప్పండి" అని తనే గొలుసిప్పినాడు. అది పోయి పొట్టేలు పక్కన నిలబడింది. వాసన చూసి, ఒళ్ళు నాకి, ఊరకే నిలబడింది. ఇంక పొట్టేలు తల మీద పసుపునీళ్ళు పోస్తే అది ఒళ్ళు జాడించాల. జాడిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, జాడించేదాకా కత్తి ఎత్తకూడదు, ఎంతసేపైనా కాచుకోవాల. నీళ్ళు పోసినారు. జాడించలా. మళ్ళీ పోసినారు. కదల్లా. వీరభద్రప్పకి కాచుకునేది తెలీదు కదా. "నా ఇంట్లో అమ్మవారు గూడా నన్ను నిలబెడతాదా!" అని పొట్టేలు పక్కటెముకల మీద కాలెత్తి ఒక తన్ను తన్నినాడు.

అంతే! కర్రెన్న ఎగిరి గుండెల మీద పడింది. ఆయన ఎల్లకిల పడినాడు, కత్తి యాడనో పడింది. కుక్క చెయ్యి పట్టుకొనింది, చీల్చలా, ఇడవలా. తోడేలుని ఎట్ల అదిమి పెట్టిందో అట్ల. "కొట్టండ్రా! సంపండ్రా!" అని అరుస్తాడు. నలభై మంది కూలోళ్ళుండాం. ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. మా నరసన్న చేతులు కట్టుకొని అన్నాడు కదా, "సామీ, మీ గుణానికి తగిన కుక్క అని మీరే తెచ్చుకుంటిరి. మీ ఇద్దరి నడుమకి మేమెట్ల వస్తాం?"

అప్పుడు ఆయన, "మారెక్కా, తల్లీ, పిలువు" అన్నాడు. తల్లీ అంట! నోరెట్ల వచ్చిందో. మారెక్క ముందరికొచ్చింది. ఏడవలా, అరవలా. "పిలుస్తా సామీ. పిలిస్తే నాతో వస్తాది. పొట్టేలు గూడా వస్తాది. అమ్మవారి ముందర, అందరూ ఇనేట్టు చెప్పు" అనింది. "తోలుకొని పో" అన్నాడు. "నాకినబడలా" అనింది. "తోలుకొని పోవే!" అని అరిచినాడు. "పోవే కాదు, పో తల్లీ అను, ఇప్పుడంటివి కదా" అనింది. అన్నాడు. కుక్క ఒక్క ఈలకి ఇడిచి లేచింది. ముగ్గురూ ముంగిలి దాటి నడుచుకుంటా పోయినారు. ఆ మజాలో దేవరకి ఏం కొట్టినారో ఎవరికీ గుర్తు లేదు.

మర్నాడు కుక్కని సంపి రమ్మని తుపాకి ఇచ్చి మనుషుల్ని పంపాలని చూసినాడు. ఎవర్నడిగినా, "మీరు ముందర నడవండి సామీ, మీ ఎనకాల మేం వస్తాం" అన్నారు. ఆయన నడవలా. కర్రెన్న ముసలిదై మంద నడుమనే సచ్చింది, మారెక్క గుట్ట కింద పూడ్చింది.

ఇంక ఆ గుణానికి తగిన జంతువు దొరికిందా అంటారా? దొరికింది. ఆయన మనవళ్ళు ఇప్పుడు టౌన్లో అద్దాల పెట్టెలో చేపల్ని పెంచుతాండారంట. రోజంతా నోరు తెరిచి మూస్తాయంట, ఒక్క మాట బయటికి రాదంట, కరిచేది లేదు, పోయేదానికి దారి లేదు. ఎంత ముద్దుగా ఉంటాయో అంటాండారంట, చూసినోళ్ళు చెప్పినారు. ముద్దుగానే ఉంటాయి. మమ్మల్ని గూడా అట్లనే పెంచుకోవాలని చూసినారు, వీళ్ళ తాతలు. కుదర్లా.