చెనిక్కాయ గింజల చదువు

మనవరాలిని మళ్లీ బడిలోకి రానిస్తారో లేదోనని అవ్వ బడి వాకిట్లో నిలబడింది. పరీక్ష పెట్టిన అయ్యవారు బయటికి వచ్చినాడు.

"అవ్వా, నీ మనవరాలు పరీక్ష కాగితం తినేసింది!"

"చదివి తినిందా, చదవకనే తినిందా అయ్యవారూ?"

"గట్టిగా చదవతా, చదివిన ముక్క చదివినట్లే చించి నోట్లో వేసుకొనింది."

"అట్లయితే నేను నేర్పినట్లే చేసింది. మీ బడిలో రెండేండ్లు కూచున్నా దానికి ఒక్క అక్షరం అంటలేదని ఇంటికి పంపేస్తిరి. ఇంట్లో చెనిక్కాయ గింజలతో అక్షరాలు పేర్చినా. సరిగ్గా చదివితే తినల్ల, తప్పితే ముట్టగూడదు."

"'జ్ఞ' ఉండే ముక్క మాత్రం తినకుండా నా చేతిలో పెట్టింది."

"ఆ అక్షరానికి నాకే ఇంకా నోరు తిరగలేదు సామీ. ఇంతకీ చేర్చుకుంటారా?"

"రేపు పంపు. తరగతికంతా ఉండేది ఒక్కటే వాచకం. కడుపునిండా సంగటి పెట్టి పంపు."