గాలి గొట్టం

కొత్తకోట దగ్గర లారీ ఆపి, క్యాబిన్ వెనక నిలువుగా ఉన్న, ఇంజన్‌కు గాలి అందించే గొట్టం కోయడానికి భర్త రంపం తీశాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

“గొట్టం కోస్తే ఇంజన్‌కు బలమొస్తదా అయ్యా?”

“గాలి మస్తుగ పోతే ఎత్తు మీద మంచిగ గుంజుతది.”

“దుమ్ము గూడ పోతది గద! మొన్నటిదాంక మంచిగనే గుంజె. గిప్పుడేమైంది?”

అతను పైకి చూశాడు. ఆమె కూడా చూసింది. మైసమ్మకు మొక్కి తాను కట్టిన ఎర్రగుడ్డ గొట్టం మూతిని మూసేసి ఉంది.

“అయ్యో! బండికి గదే నెత్తి అనుకొని రుమాలు లెక్క చుట్టిన. ఇప్పకపోయినవా?”

“నువ్వు మొక్కి కట్టింది నేనెట్ల ఇప్పుత? అందుకే కిందికెల్లి కోద్దామనుకున్న.”

ఆమె నవ్వుతూ పైకెక్కి, గుడ్డ విప్పి, దిగివచ్చి అతని చేతికి కట్టింది.

“పిచ్చి మనిషివి! నేను మొక్కింది బండి కోసమా?”