పేతురుకు కొట్టిన గంట

ఎనభై మూడో సంవత్సరం, మార్చి పన్నెండు, శనివారం, పగలు మూడు గంటల పది నిమిషాలు. ఆ టయానికి, విమలా, మీ జేజినాయన చర్చిలో చాపలు దులుపుతాండాడు. ఆ గంట కొట్టే పని వాళ్ళ నాయన కాలం నుంచీ మన ఇంటిదే. ఆ గంటను దొరలు ఓడలో మద్రాసుకు తెప్పించి, ఎద్దులబండి మీద పెన్న దాటించినారంట. చర్చి మాత్రం మన నాపరాళ్ళతోనే కట్టినారు. ఎవరన్నా పోతే, వాళ్ళ వయసెంతో అన్ని దెబ్బలు కొట్టాల. నడుమ పరలోక ప్రార్థన ఒకసారి చెప్పుకున్నంత ఎడం ఇయ్యాల. చేలల్లో ఉండేవాళ్ళు పని ఆపి లెక్కపెట్టి, ఫలానా మనిషి పోయినాడు అనుకునేవాళ్ళు. నూరేండ్లలో ఆ గంట అబద్ధం చెప్పింది లేదు.

పేతురు మీ జేజినాయన తమ్ముడు. కొత్త పార్టీ గెలిచిన యేడు గదా, వాడు ఆ పార్టీ పెద్దాయన ఒకాయన జీపులో ఎంట తిరిగేవాడు. వాళ్ళమ్మ, మా అత్త సంతోషమ్మ, "బైబిలు మోసేకి బరువా నీకు, ఆయప్ప బాంబుల సంచి మోస్తాండావే" అనేది. "అందులో ఓటర్ల లిస్టులు మా" అనేవాడు వాడు. నవ్వుతాండావా? మేమూ నవ్వినాం అప్పుడు.

ఆ పొద్దు దూదేకుల కమాల్ బాషా చర్చిలోకి ఉరుక్కుంటా వచ్చినాడు. "మామా, పేతురును దావలో నరికినారు. పానం ఉండాది. నా బండిలో దూది మూటల కింద పడుకోబెట్టినా. వంతెన కాడ ఆ నరికినోళ్ళు ప్రతి బండీ ఆపి చూస్తాండారు. ఎట్ల దాటాల?"

మీ జేజినాయన చేతిలో చాప పడేసినాడు. పోయి తాడు పట్టుకున్నాడు. పేతురుకు ఇరవై ఆరేండ్లు, ఇరవై ఆరు దెబ్బలు కొట్టినాడు. ప్రార్థన నోటికి రాలేదంట, ఉత్త అంకెలే లెక్కపెట్టుకున్నాడంట. వాళ్ళు విన్నారు, ఎట్లయినా పని అయిపోయింది అనుకొని జీపులు తిప్పుకొని పోయినారు. కమాల్ బాషా వంతెన దాటి ప్రొద్దుటూరు చేరినాడు.

ఇంటికాడ మా అత్త కందిపప్పు చెరుగుతాండాది. నేను పక్కనే ఉండా. పది దాటింది, ఇరవై దాటింది. ఇరవై ఆరు కాడ, ఇంగొక్క దెబ్బ పడాలని చేట గట్టిగా పట్టుకొని కూర్చుంది. పడలా.

మీ జేజినాయన వచ్చి తలుపేసి, చెవిలో అంతా చెప్పినాడు. ఆయమ్మ నమ్మలా. "నన్ను ఓదార్చేకి చెప్తాండావు. నీ చేత్తో దొంగగంట కొడతావా నువ్వు?" అనింది. "ప్రమాణం చేస్తా మా." "ఒట్టు పెట్టుకోవద్దని బైబిల్లో చదివి చదివి, ఇప్పుడు ప్రమాణమా" అని గుండెలు బాదుకుంది. ఇంగోసారి చెప్పబోతా, కిటికీలోంచి చూసినాడు. ఎదురు టీ అంగడి బెంచీ మీద ఆ నరికినోళ్ళ మనిషి కూర్చొని మన ఇంటి పక్కే చూస్తాండాడు. ఆయమ్మ ఏడుపు నిజంగా ఉన్నంతసేపే పేతురుకు బతుకు. అది ఆయనకు తెలిసిపోయింది. నోరు మూసుకున్నాడు.

తర్వాతన్నా చెప్పొచ్చు గదా అంటావు. నేనూ అన్నా. "దేవుని ముందర నేను చెప్పుకుంటా, నువ్వు ఊరకుండు" అన్నాడు. పేతురు బళ్ళారి చేరినాడు. జాబు రాయొద్దని కబురు పంపినాం. మా అత్త ఆ వానాకాలంలోనే పోయింది, కొడుకును మట్టి చేసినాననే పోయింది.

అవునమ్మా, మట్టి చేసినాం. తెల్లారి ఆదివారం పొయ్యి ముట్టీలేదు. మీ జేజినాయన పీనుగు రాత్రే వచ్చిందని అందరికీ చెప్పి, వెనకింట్లో శవపెట్టె పెట్టి, విత్తనానికి దాచిన జొన్నలు అందులో పోసినాడు. "పేతురు ఎంత బరువుంటాడు?" అని నన్నడిగె. నాకేం తెలుసు. ఇంగో చేట, ఇంగో చేట అంటా పోసి, మేకులు కొట్టినాడు. మొగం చూస్తానని మా అత్త పెట్టె మీద పడింది. చూసేటట్టు లేదు మా అని నేను చెప్పినా. ఆ మాట నేనే చెప్పినా. ఆయమ్మ పెట్టిన కేకకు టీ అంగడికాడి మనిషి లేచి, తలగుడ్డ తీసి, తల వంచుకొని నిలబడినాడు. అప్పుడు మీ జేజినాయన నా పక్క చూసినాడు. నేను పోయి ఆయమ్మ మెడ పట్టుకొని ఏడ్చినా. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.