మూడో తాళంచెవి

శుక్రవారం మధ్యాహ్నం లైబ్రరీలో పనిచేసే నివెస్ మెట్లు దిగి చూసేసరికి ఇనుప కమ్మీకి తాళం వేసింది వేసినట్టే ఉంది, సైకిల్ మాత్రం లేదు. ఫెర్రారా ఊళ్ళో ఆ వీధికి అవతల పక్కనే ముసలి ఎర్మెస్ సైకిల్ కొట్టు. ఆమె ఇంటికి ఫోన్ చేసి, తాళం చేత్తో పట్టుకుని అటే పరిగెత్తింది.

“లేదంటే ఏమిటమ్మా నివెస్? గాల్లో కలిసిపోయిందా?”

“ఇదిగో తాళం! గొలుసు తెగలేదు, గీత పడలేదు. పొద్దున ఎనిమిదింటికి నా చేత్తో వేశాను, ఎర్మెస్ గారూ.”

“వేశాననుకుని ఉంటావు.”

“వేశాను.”

“ఉత్త కమ్మీకి వేసి లోపలికి పోయి ఉంటావు. పుస్తకాల మనుషులకి వేలు పెట్టిన పేజీ తప్ప ఇంకేం గుర్తుంటుంది?”

“చక్రంలోంచి దూర్చి, వేసి, రెండుసార్లు లాగి చూశాను. మీరు ఈ గుమ్మంలోనే నిలబడి కాఫీ తాగుతున్నారు. ‘కంచరగాడిద వచ్చిందోయ్’ అని వెక్కిరించారు కూడా.”

“అన్నాను. కాదా మరి? గుర్రమూ కాదు, గాడిదా కాదు. పందేనికి పనికిరానంత బరువు, మోతకి పనికిరానంత సున్నితం. పైగా ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు బొగ్గుది!”

“కార్బన్ అంటారు దాన్ని.”

“బొగ్గుని ఏ పేరు పెట్టి పిలిస్తే ఏం, బొగ్గు బొగ్గే. ఊరి బయట ఆ అద్దాల కొట్టుకి పోయి తొమ్మిది వందల యూరోలు పోసి కొన్నావు. ఎదురుగా నేనొకణ్ణి చచ్చాననుకున్నావా?”

“కొండలెక్కేది కంచరగాడిదే. రెండేళ్ళుగా రోజూ నాలుగు కిలోమీటర్లు రాను, నాలుగు పోను. వానలో, పొగమంచులో. ఒక్కరోజు మొరాయించలేదు.”

“చదును నేల మీద ఖాళీ పీపా కూడా దొర్లుతుంది.”

“రేపు తెల్లారేసరికి బయలుదేరాలండీ నేను! బొలోన్యా దాటి, ఫూతా కనుమ ఎక్కి దిగి, ఫ్లోరెన్స్ మీదుగా సముద్రం దాకా. పదకొండేళ్ళలో మొదటిసారి తొమ్మిది రోజులు వరసగా సెలవు దొరికింది. చలికాలమంతా కూర్చుని ఎంచుకున్నాను ఆ బండిని. పనికీ అదే, యాత్రకీ అదే అని. రెండు బళ్ళు పెట్టుకునే ఇల్లూ కాదు నాది, స్తోమతూ కాదు.”

“అందుకే రెండింటికీ కానిది తెచ్చుకున్నావు.”

“అసలు దాన్ని ఎవరెత్తుకుపోతారు? ఊరందరిలాగే నేనూ దాన్ని కావాలని అనాకారిని చేశాను. గొట్టాలకి పార్సిల్ టేపు చుట్టాను. బురద రంగు పూశాను. సీటుకి చిరిగిన సంచి కట్టాను.”

“ఆ కష్టమెందుకు? పుట్టినప్పుడే అనాకారి.”

“మీ నోటికి దణ్ణం. మూడు వారాల కింద ఆ ఫోర్కుకి ముందు క్యారియర్ మీచేత బిగింపించుకోవడమే నా తప్పు. అప్పుడూ ఇంతే. మీ అమ్మాయి మిలేనా పుట్టినరోజుకి కొనిచ్చింది చూడండి, ఎంత బిగిసిందో అంకె చూపించే పానా, అది వాడండి అంటే పగలబడి నవ్వారు.”

“నవ్వనా? యాభై రెండేళ్ళుగా ఎంత బిగించాలో ఈ చెయ్యి చెబుతోంది. కొలత చేతకానివాడికి. వంట రానివాడు గ్లాసులతో ఉప్పు కొలిచినట్టు.”

“సరే, నేను పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను.”

“ఆగు, ఆగు. ఏం తొందర? వాళ్ళు ఓ కాగితం రాసి నీ చేతిలో పెడతారు. ఆ కాగితమెక్కి కనుమ దాటుతావా?”

“మరేం చెయ్యమంటారు?”

“ఇంటికెళ్ళి పడుకో. సోమవారం చూద్దాం. ఈ ఊళ్ళో పోయిన సైకిళ్ళు తిరిగొస్తుంటాయి.”

“ఎప్పుడొచ్చాయి? నాకు తెలిసి ఒక్కటి చెప్పండి.”

“లేదంటే... అదిగో, పైన వేలాడుతోంది చూడు, నా ఉక్కు బండి. తీసుకుపో. రేపే బయలుదేరు. సీటు దింపిస్తాను.”

“అదా? దాన్ని మీ అమ్మాయినే ముట్టుకోనివ్వరుగా!”

“ఇవాళ ముట్టుకోనిస్తున్నాను. ఉక్కు. మూడు తరాలు తొక్కినా విరగదు.”

“నాది విరిగిందని ఎవరన్నారు?”

“ఎవరన్నారు? ఎవరూ అనలేదు. మాటవరసకి అన్నాను.”

“నాకొక్కటి అర్థం కావడం లేదు. దొంగ తాళం తీసినవాడు మళ్ళీ వేసిపోతాడా?”

“శుభ్రం తెలిసిన దొంగేమో.”

“తాళంచెవి ఉన్నవాడు. ఉన్నవి రెండే. ఒకటి నా మెడలో ఉంది. రెండోది ఇంట్లో సొరుగులో.”

“ఇంట్లో ఎవరున్నారు?”

“లివియో.”

“ఆ...”

“ఏమిటా ఆ?”

“నేనేమన్నాను? ఆ అన్నాను. మొన్న మీ ఆయన ఇక్కడే నిలబడి, ‘నలభై ఆరేళ్ళొచ్చాక గుడారం వీపునేసుకుని కొండలు పట్టుకు తిరగడమేమిటి, నవ్వుతారు’ అన్నాడు. నేను వినలేదు. చెవిన పడిందంతే.”

“ఫోన్ చేశాను. వస్తున్నాడు. అదిగో! లివియో, ఇటు రా. నా కళ్ళలోకి చూసి చెప్పు. సైకిల్ ఎక్కడ దాచావు?”

“దాచానా? పళ్ళెం ముందు నుంచి లేపి, ఊరికి అడ్డంగా పరిగెత్తించి, ఇదా నువ్వడిగేది?”

“నేను వెళ్ళడం నీకిష్టం లేదు.”

“లేదు. నీ ముందే అన్నాను, మీ అమ్మ ముందన్నాను, ఈ పెద్దాయన ముందన్నాను. చాటుగా ఎత్తుకుపోయేవాణ్ణయితే ఊరంతా చాటుకుంటానా? ఆ పాటి తెలివి కూడా లేదనుకున్నావా నాకు?”

“రెండో తాళంచెవి నీ దగ్గరే ఉందిగా!”

“ఇదిగో నీ తాళంచెవి. ఫోన్‌లో అరిచావుగా, సొరుగులోంచి తెచ్చాను. తాళంతో వచ్చిన అట్టకి కట్టింది కట్టినట్టే ఉంది. తీగ విప్పలేదు. చూసుకో, పట్టి పట్టి చూసుకో. పద్దెనిమిదేళ్ళ కాపురం చేసి దొంగని పట్టుకున్నావు!”

“అరవకు.”

“అరుస్తాను. ఈ అట్ట మీద ఏం అచ్చేశారో చదువు. పైకి చదువు.”

“‘గట్టి ఉక్కు తాళం. తాళంచెవులు...’ మూడు?”

“మూడు. చూడు, మూడు చిల్లులున్నాయి అట్టకి. ఒకటి నీ మెడలోది, ఒకటి ఇది. మూడోది ఎవరి దగ్గరుంది? ఎక్కడ కొన్నావీ తాళం?”

“ఇక్కడే. ఎర్మెస్ గారి దగ్గరే.”

“ఏం పెద్దాయనా? మూడోదేమైంది?”

“ఏమవుతుంది? తాళం కొన్న ప్రతివాడి మూడో తాళంచెవీ నేనే ఉంచుకుంటాను. మా నాన్న నాటి నుంచీ ఉన్న పద్ధతి. ఈ ఊరి జనం తాళంచెవులు నిలుపుకునే రకమా? పొద్దున పోగొట్టుకుంటారు, సాయంత్రం ఏడుస్తూ నా గుమ్మమెక్కుతారు. అదిగో గోడ. మేకుకొకటి. ఎవరిదీ ఇంతవరకు పోలేదు.”

“నాది ఏ మేకు?”

“గుర్తులేదు. ఎన్నని గుర్తుంటాయి?”

“అట్ట వెనక రాసుంది, నివెస్. నలభై మూడు. ఇది నీ చేతిరాతే కదా పెద్దాయనా?”

“ఏమో. కళ్ళజోడు లేదు.”

“నుదుటి మీదుంది. నలభై ఒకటి ఉంది. నలభై రెండు ఉంది. నలభై నాలుగు ఉంది... నలభై మూడు మేకు బోడిగా ఉంది.”

“ఎర్మెస్ గారూ?”

“జరగండి, కొట్టు మూసే వేళయింది.”

“ఎర్మెస్ గారూ, మిమ్మల్నే. లోపలి గది ఎప్పుడూ బార్లా తీసి ఉంచుతారు. ఇవాళెందుకు మూశారు?”

“తీసింది నేనే. లోపలే ఉంది. చాలా?”

“ముసలి దొంగా! ఊరందరి తాళాలూ నీ చేతిలో పెట్టారు, అందుకా ఇది?”

“నువ్వుండు లివియో. ఎందుకండీ? ఎందుకు చేశారీ పని?”

“పొద్దున సంచులన్నీ నింపి, తగిలించుకుని వచ్చావు. బరువు చూసుకోడానికన్నావు. కమ్మీకి ఆనించినప్పుడు ముందు నుంచి టిక్కుమంది. నీకు వినపడలేదు. నాకు వినపడింది. నువ్వు సంచులు ఊడదీసి లోపలికెళ్ళాక తాళం తీసి, ఇక్కడికి తెచ్చి విప్పి చూశాను. ఫోర్కుకి ఒక పక్క, క్యారియర్ పట్టీ కింద, పగులు. వెంట్రుకంత. ఈ చదును ఊళ్ళో నెల తిరిగినా ఏమీ కాదు. ఫూతా దిగేటప్పుడు, అంత బరువుతో, గట్టిగా బ్రేకు నొక్కావంటే...”

“చాలు. చెప్పకండి.”

“విన్నావా నివెస్? నాసిరకం బండి. ఈయన రెండేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నాడు. నేనూ చెప్పాను. ఎవరి మాట విన్నావు?”

“వినలేదు. నిజమే. ఎర్మెస్ గారూ, మీరే గెలిచారు. చలికాలమంతా చదివి, కొలిచి, నలుగురినడిగి ఎంచుకున్నాను. నాకు ఎంచుకోవడం రాదు, అంతేగా? ఒప్పుకుంటున్నాను. కానీ పగిలిందని నా ఎదురుగా వచ్చి చెప్పడానికేం? మీకది పండగ కదా! వీధంతా పిలిచి చూపించేవారే. దొంగలా ఎందుకు తీశారు? నా మొగుడి మీద నేను నిందవేస్తుంటే పక్కన నిలబడి ‘ఆ’ అన్నారు!”

“కొత్త ఫోర్కు కోసం బొలోన్యాకి ఫోన్ చేశాను. సోమవారం వస్తుంది. బిగించి మళ్ళీ కమ్మీ దగ్గర పెట్టేసేవాణ్ణి. దొంగకి బుద్ధొచ్చిందనుకునేదానివి.”

“నేనడిగింది అది కాదు.”

“ఇంకేం కావాలి? ప్రాణం దక్కింది. వెళ్ళు.”

“వెళ్ళను. ఆ బల్ల మీదున్నది మిలేనా ఇచ్చిన పానా పెట్టె కదూ? రెండేళ్ళుగా దాని కాగితం కూడా చింపలేదు మీరు. ఇవాళెందుకు తెరిచారు?”

“కొలవడానికి.”

“దేన్ని? మీ చెయ్యే చెబుతుందన్నారుగా?”

“దాన్నే కొలిచాను. ఈ చెయ్యినే. క్యారియర్ పట్టీ మీద బిగింపు ఐదు దాటొద్దని అచ్చేసి ఉంది. పగలని పక్క బోల్టు విప్పి, పొద్దున నా పద్ధతిలోనే మళ్ళీ బిగించాను, ఎప్పట్లాగే, చేతి అందాజున. తర్వాత పానా పెట్టి చూస్తే పదకొండు. విప్పాను, మెల్లగా బిగించాననుకున్నాను. పదకొండే. మూడోసారీ పదకొండే. ఉక్కుకి అలవాటు పడ్డ చెయ్యి, దానికి ఇంకోటి తెలీదు. నీ బండిలో ఏ తప్పూ లేదు, నివెస్. రెండేళ్ళుగా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాను, దొరకలేదు. బాగా ఎంచుకున్నావు. దాన్ని పగలగొట్టింది నేను, ఈ చేత్తోనే.”