ఎడమ చెంప మీద సొట్ట

అధ్యక్షత వహించిన డైరెక్టర్ గారికి, నాకన్నా ముందే రిటైరై హాయిగా ఒళ్లు చేసిన పెద్దలకి, కేకు ఎప్పుడు కోస్తారా అని చూస్తున్న మా ల్యాబు పిల్లలకి నమస్కారం. (నవ్వులు)

ఇరవై తొమ్మిదేళ్లు నేను చేసిన పనల్లా ఒక ప్లాస్టిక్ తలలో చక్కెర, ఉప్పు, నీళ్లు కలిపి మెదడులాంటి ద్రవం పోయడం, చెవికి మొబైల్ ఆనించడం, రేడియేషన్ లోపలికి ఎంత దిగిందో కొలవడం. ఏ పెళ్లికెళ్లినా నన్నే పట్టుకుంటారు, "ఫోన్లో మాట్లాడితే బుర్ర ఉడికిపోతుందటగా అక్కా?" అని. ఉడకదమ్మా, కాస్త వెచ్చబడుతుంది, అది హద్దు దాటకుండా చూడటమే మా పని, ఆపైన రోగాల సంగతి నాకు తెలియదు, డాక్టర్లని అడగండి. అయినా మా ఆడపడుచు గంటసేపు ఫోన్ చేస్తే ఉడికేది ఆవిడ బుర్ర కాదు, నాది. (పెద్దగా నవ్వులు)

ఒకసారి మూత పెట్టడం మరిచిపోయాను. తనిఖీ రోజే తల నిండా చీమలు! చక్కెర కదా మరి. వచ్చినాయన తొంగిచూసి, "మనుషుల తలల్లోనూ ఇవే ఉంటాయా?" అన్నాడు. "కొందరికుంటాయండీ" అన్నాడు మా అన్నయ్య, ఆయన కేసే చూస్తూ.

కొత్తవాళ్లకి తెలియదు, అన్నయ్య ఇక్కడే అచ్చులు పోసేవాడు, నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించింది కూడా వాడే, ఎనిమిదేళ్ల కిందట పోయాడు. ఆ తలకి అచ్చు కావాలంటే తన మొహానికే ప్లాస్టర్ పూయించుకున్నాడు. కదలకూడదన్నారు, నేను ఎదురుగా నిలబడి వెక్కిరించాను, వాడు నవ్వాడు. ఆ ప్లాస్టిక్ తలకి ఎడమ చెంప మీద పడిన సొట్ట అదే. ఫొటో అంటే బిగుసుకుపోయే మనిషి, నవ్వుతూ దొరికింది అక్కడొక్కచోటే.

సోమవారం కొత్త తల వస్తోంది, పాతది తుక్కులోకి. నాకిమ్మని మూడు అర్జీలు పెట్టాను డైరెక్టర్ గారూ, మూడింటి మీదా "నిబంధనలు ఒప్పుకోవు" అని రాశారు. తమరి దస్తూరీ మాత్రం ముత్యాలే! (నవ్వులు) ఇప్పుడు ఇంతమందిలో అడుగుతున్నాను. మీరు బహుమతిగా ఇచ్చిన ఈ గోడ గడియారం మీరే ఉంచుకోండి, ఆ తల నాకివ్వండి.

ఏమన్నారూ? మైకులో అనండి, వెనక వరసకి వినపడాలి... "తీసుకెళ్లండమ్మా" అన్నారు! విన్నారుగా, అందరూ సాక్ష్యం! (చప్పట్లు)

అమ్మయ్య. డైరెక్టర్ గారికి, మీ అందరికీ వెయ్యి దండాలు. బస్సులో పక్క సీటుకి కూడా టికెట్ కొంటాను. వేల ఫోన్లు ఆనించాను ఆ చెవికి, ఒక్కదాన్లోనూ ఎవరూ మాట్లాడలేదు. ఇంటికెళ్లాక నేను మాట్లాడతాను. పద అన్నయ్యా.

సెలవు.